రన్‌వే కనిపించింది, ఎయిర్‌పోర్టు వేరే: సౌత్‌వెస్ట్ 4013 కేస్ స్టడీ

2014 జనవరి 12 సాయంత్రం. షికాగో మిడ్‌వే నుంచి బయల్దేరిన సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 4013 ఫ్లైట్ మిస్సోరీ రాష్ట్రంలోని బ్రాన్సన్ ఎయిర్‌పోర్టులో దిగాలి. 6 గంటలు దాటిన కాసేపటికి దిగింది కూడా. కాకపోతే దిగింది బ్రాన్సన్‌కి 6 నాటికల్ మైళ్ళ లోపే ఉన్న ఎం. గ్రాహం క్లార్క్ డౌన్‌టౌన్ ఎయిర్‌పోర్టులో. 7,140 అడుగుల రన్‌వే కోసం వచ్చిన బోయింగ్ 737-700 విమానం 3,738 అడుగుల రన్‌వే మీద చక్రాలు ఆనించింది. లోపల 124 మంది ప్రయాణికులు. నేల తాకాక, రన్‌వే చివర ముంచుకొస్తోందని తెలిసి సిబ్బంది బ్రేకులు పూర్తిగా తొక్కారు. ఆ చివర దాటితే ఏటవాలు గట్టు, గట్టు కింద 65వ నంబర్ హైవే. విమానం దానికి కొన్ని వందల అడుగుల ముందు ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ప్రయాణికుల్ని బస్సుల్లో బ్రాన్సన్‌కి పంపారు. మర్నాడు ఖాళీ విమానం అదే పొట్టి రన్‌వే మీంచి లేచి టల్సా వెళ్ళింది.

నేను 737 మీద ట్రైనింగ్ కెప్టెన్‌ని. పైలట్లకి ఏటా జరిగే రికరెంట్ ట్రైనింగ్‌లో, సిమ్యులేటర్ ఎక్కేముందు ఈ కేసు చెబుతుంటాను. ప్రాణాలు పోయిన కేసులు ఎన్నో ఉండగా ఇదే ఎందుకంటే, ఇందులో సాకు చెప్పడానికి ఏమీ లేదు. తుఫాను లేదు, పొగమంచు లేదు, ఇంజన్ ఆగలేదు, పరికరాలు మొరాయించలేదు. కాక్‌పిట్‌లో ప్రతి డిస్‌ప్లే బ్రాన్సన్ ఎక్కడుందో చివరిదాకా సరిగ్గానే చూపిస్తూ ఉంది. ఇంత సవ్యంగా ఉన్న రాత్రి ఇంత పెద్ద తప్పు ఎలా జరిగిందో విడమరిచి చూస్తే, రోజూ మనం చేసే పనిలోనే దాని బీజం కనిపిస్తుంది.

ఒక సంగతి ముందే పక్కన పెట్టేస్తాను. తప్పు ఊళ్ళో దిగిన కేసులన్నీ ఒక జాతి కాదు. 1995 సెప్టెంబర్ 5న నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 52 డెట్రాయిట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళాల్సింది బ్రస్సెల్స్‌లో దిగింది. అది నేలమీది ట్రాఫిక్ కంట్రోల్ వ్యవస్థలో గమ్యం మారిపోవడం వల్ల మొదలైన గందరగోళం. క్యాబిన్‌లోని మ్యాప్ చూసి, ఎటు పోతున్నామో పైలట్ల కంటే ముందు ప్రయాణికులకే అర్థమైంది. 2019 మార్చిలో లండన్ సిటీ నుంచి డ్యూసెల్డార్ఫ్ వెళ్ళాల్సిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఫ్లైట్ ఎడిన్‌బరాలో దిగింది. పైలట్లు చేతికిచ్చిన కాగితాల ప్రకారమే వెళ్ళారు, కాగితాలే తప్పు. ఇవి వినడానికి సరదాగా ఉంటాయి గానీ, పైలట్ కళ్ళకి సంబంధించినవి కావు. మన కేసు కళ్ళది.

ఆ రాత్రి కాక్‌పిట్‌లో

కెప్టెన్ 1999 నుంచి ఆ కంపెనీలో ఉన్నారు, దాదాపు 16,000 గంటల అనుభవం. ఫస్ట్ ఆఫీసర్‌ది ఇంకా ఎక్కువ, దాదాపు 25,000 గంటలు. వెనక జంప్‌సీట్‌లో (కాక్‌పిట్‌లోని అదనపు సీటు) కంపెనీ డిస్పాచర్, అంటే నేలమీంచి ఫ్లైట్లని ప్లాన్ చేసే ఉద్యోగి, ఒకరు కూర్చున్నారు. కొత్తవాళ్ళు కాబట్టి తడబడ్డారు అనడానికి వీల్లేదు. అయితే బ్రాన్సన్ రావడం కెప్టెన్‌కి అదే మొదటిసారి. ఫస్ట్ ఆఫీసర్ అంతకుముందు ఒక్కసారి వచ్చారు, అదీ పగటిపూట. పగలు చూసిన ఎయిర్‌పోర్టు రాత్రికి పెద్దగా పనికిరాదు. పగలు మనకి గుర్తుండేది టెర్మినల్, పక్కన కొండ, వంకర తిరిగిన రోడ్డు. రాత్రికి అవన్నీ పోయి లైట్లు మాత్రమే మిగులుతాయి.

బ్రాన్సన్ అప్రోచ్‌ని, అంటే అక్కడ దిగే దారిని, వాళ్ళు ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌లో పెట్టుకున్నారు. వాతావరణం బాగుంది కాబట్టి అప్రోచ్ కంట్రోలర్ 14వ నంబర్ రన్‌వేకి విజువల్ అప్రోచ్ ఇచ్చారు. ఈ మాట తెలియనివాళ్ళ కోసం: ఐఎల్ఎస్ లాంటి పద్ధతుల్లో రన్‌వే దగ్గరున్న ట్రాన్స్‌మిటర్ పంపే సిగ్నల్‌ని పట్టుకుని దిగుతాం. ఆ సిగ్నల్ ఆ ఒక్క రన్‌వేది, ఇంకోదానికి తీసుకెళ్ళదు. విజువల్ అప్రోచ్‌లో ఎయిర్‌పోర్టు కనిపించిందని పైలట్ చెప్పాక, దారి చూసుకునే బాధ్యత పైలట్ కళ్ళకే వస్తుంది. దీనివల్ల కంట్రోలర్‌కి పని తగ్గుతుంది, విమానాలు త్వరగా దిగుతాయి, ఇంధనం కలిసొస్తుంది. అమెరికాలో ఇది నిత్యకృత్యం.

తర్వాత దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీకి సిబ్బంది చెప్పినదాని సారాంశం ఇది. ముందుగా ఎయిర్‌పోర్టు బీకన్ (ఎయిర్‌పోర్టు జాడ తెలిపే తిరిగే దీపం), రన్‌వే లైట్లు కనిపించాయి. అదే బ్రాన్సన్ అనుకున్నారు. కళ్ళ ఎదుట గాజు పలక మీద అంకెలు చూపించే హెడ్‌అప్ డిస్‌ప్లే వాడుతూ చూపుతోనే దిగారు. నేల తాకేదాకా అనుమానం రాలేదు.

టవర్ ఇచ్చిన ల్యాండింగ్ క్లియరెన్స్, అంటే దిగడానికి అనుమతి, 14వ నంబర్ రన్‌వేకి. విమానం దిగింది 12 మీద. రన్‌వే నంబర్ అంటే అది చూసే దిక్కు. 12 అంటే సుమారు 120 డిగ్రీలు, 14 అంటే సుమారు 140. ఇరవై డిగ్రీల తేడా దిక్సూచి మీద స్పష్టంగా తెలుస్తుంది. చీకట్లో కిటికీలోంచి చూస్తే మాత్రం అసలు తెలియదు, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి రెండో గీత ఎక్కడా ఉండదు. రన్‌వే మీద తెల్లటి రంగుతో రాసిన '12' కనబడేది ల్యాండింగ్ లైట్ల వెలుగు దానిమీద పడ్డప్పుడే. అప్పటికి చేతిలో మిగిలేది సెకన్లు.

ముందు కనిపించిన రన్‌వేదే గెలుపు

క్లార్క్ ఎయిర్‌పోర్టు బ్రాన్సన్ ఎయిర్‌పోర్టుకి ఇంచుమించు ఉత్తరాన ఉంది. ఉత్తరం వైపునుంచి వచ్చే విమానానికి దారిలో ముందు తగిలేది అదే. బ్రాన్సన్ 14వ నంబర్ రన్‌వే గీతని వెనక్కి పొడిగిస్తే క్లార్క్ ఆ గీత మీద కూడా ఉండదు, పక్కకి ఉంటుంది. అంటే క్లార్క్ వైపు తిరిగిన విమానంలో, నావిగేషన్ డిస్‌ప్లే మీద బ్రాన్సన్ ఫైనల్ అప్రోచ్ గీత పక్కకి జరిగిపోయి కనిపిస్తూ ఉండాలి.

మరి ఎందుకు చూడలేదు? చూడ్డానికి కారణం లేకపోయింది. ఎయిర్‌పోర్టు దొరకనంతసేపూ ఇద్దరు పైలట్లూ వెతుకుతూనే ఉంటారు. మ్యాప్ చూస్తారు, దూరం చూస్తారు, కంట్రోలర్ చెప్పిన దిక్కు గుర్తు చేసుకుంటారు. లైట్లు దొరికి, కనిపించిందని రేడియోలో చెప్పేశాక ఆ వెతుకులాట ఠక్కున ఆగిపోతుంది. ఇక పని దిగడం. స్పీడు, ఫ్లాప్స్, గేర్, చెక్‌లిస్ట్, కిందికి దిగే రేటు. వీటిలో ఏ ఒక్కటీ 'ఇది ఏ ఊరు?' అని అడగదు. ఎంత క్రమశిక్షణగా చెక్‌లిస్ట్ చదివినా అది తప్పు రన్‌వేకి కూడా అంతే చక్కగా పూర్తవుతుంది.

రాత్రి ఇంకో చిక్కు ఉంది. చీకట్లో కొలబద్ద ఉండదు. పొడవూ వెడల్పూ రెండూ తక్కువగా ఉన్న రన్‌వే, కొంచెం దూరంలో ఉన్న పెద్ద రన్‌వేలాగే కనిపిస్తుంది. చుట్టూ చెట్లు, ఇళ్ళు, హ్యాంగర్లు కనిపిస్తే సైజు తెలిసేది. రెండు వరసల లైట్లు మాత్రమే ఉన్నప్పుడు, మనసులో ముందే అనుకున్న సైజుని మెదడు దానికి తొడిగేస్తుంది.

బోర్డు మీద వేసే లెక్క

ఇప్పుడు చెప్పబోయేది రికార్డర్‌లోని డేటా కాదు. రెండు ఎయిర్‌పోర్టుల ఎత్తులు, దూరాలు తీసుకుని నేను క్లాసులో వేసే లెక్క. ఈ కేసులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం సాగదీస్తాను.

బ్రాన్సన్ ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి 1,302 అడుగుల ఎత్తులో ఉంది. క్లార్క్ 940 అడుగులే. మామూలు మూడు డిగ్రీల వాలులో దిగే విమానం ఒక్కో నాటికల్ మైలుకి సుమారు 320 అడుగులు దిగుతుంది. పైలట్లు నోటిలెక్కకి మూడు వందలు అనుకుంటారు. రన్‌వే 3 మైళ్ళ దూరంలో ఉంటే మనం దానికి 900 అడుగుల పైన ఉండాలి, 5 మైళ్ళైతే 1,500.

విమానం క్లార్క్ రన్‌వేకి సరిగ్గా 500 అడుగుల పైన ఉన్న క్షణం తీసుకుందాం. రేడియో ఆల్టీమీటర్ కింద ఉన్న నేలని కొలుస్తుంది. అది 500 అంటుంది, నిజమే. కిటికీలో రన్‌వే సరైన కోణంలో ఉంది. స్పీడు సరిగ్గా ఉంది. అంతా బాగుంది. ఇప్పుడు సముద్రమట్టం నుంచి కొలిచే మామూలు ఆల్టీమీటర్ చూడండి. 940కి 500 కలిపితే 1,440. దిగాల్సిన బ్రాన్సన్ రన్‌వే ఎత్తు 1,302. అంటే గమ్యం కంటే 138 అడుగులే పైన ఉన్నాం. మరి గమ్యం ఎంత దూరంలో ఉంది? క్లార్క్ రన్‌వే ఇంకా మైలున్నర ముందుంది, అక్కడినుంచి బ్రాన్సన్‌కి ఇంకో ఐదారు మైళ్ళు. మొత్తం సుమారు 7. ఏడు మైళ్ళ దూరంలో ఉండాల్సిన ఎత్తు 2,100 అడుగులకి తగ్గకూడదు. ఉన్నది 138.

ఇంకొంచెం కిందికి రండి. క్లార్క్ నేలకి ఇంకా 360 అడుగుల ఎత్తు ఉండగానే ఆల్టీమీటర్ 1,302 దాటి కిందికి పోతుంది. అంటే విమానం ఇంకా గాల్లో ఎగురుతూనే, దిగాల్సిన రన్‌వే కంటే పల్లానికి చేరింది! క్లాసులో ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు.

అయితే ఆ ఎత్తులో ఆ అంకెని పట్టించుకునేది ఎవరు? నిజాయితీగా చెప్పాలంటే ఎవరూ పట్టించుకోరు. 500 అడుగుల దగ్గర కళ్ళన్నీ బయటే ఉంటాయి, ఉండాలి కూడా. హెడ్‌అప్ డిస్‌ప్లేలో ఎత్తు అంకె ఓ పక్కన కనిపిస్తూనే ఉంటుంది. కానీ 1,440 అన్న అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. పక్కన 1,302 అన్న అంకె, 7 మైళ్ళు అన్న అంకె మన తలలో ఉంటేనే అది అరుస్తుంది. అందుకే ఈ పోలిక చాలా పైన, తీరిక ఉన్నప్పుడే అయిపోవాలి.

పైలట్లలో కొందరు, 'నేల దగ్గరైతే హెచ్చరించే పరికరం ఉంది కదా, అదెందుకు అరవలేదు?' అని అడుగుతారు. ఆ పరికరం కొండల్నీ నేలనీ చూసి అరుస్తుంది. డేటాబేస్‌లో ఉన్న ఏదో ఒక రన్‌వే వైపు సవ్యంగా దిగుతున్న విమానం దాని దృష్టిలో ప్రమాదంలో లేదు. ఆ రన్‌వే మనదేనా అన్నది దాని ఉద్యోగం కాదు. రన్‌వే దగ్గరపడేటప్పుడు నంబరు పలికే సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. అది ఉన్న విమానంలోనైతే 14 అనుకున్న చెవికి 12 వినబడుతుంది. అదృష్టం బాగుంటే ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు.

ఇద్దరు చూస్తే రెండుసార్లు చూసినట్టు కాదు

క్రాస్‌చెక్ అంటే మా వృత్తిలో వేదవాక్కు. ఒకరు నడుపుతారు, ఒకరు గమనిస్తారు, ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకుంటారు. విజువల్ అప్రోచ్‌లో ఈ ఏర్పాటుకి ఒక చిల్లు ఉంది. నడిపే పైలట్ వేలు చూపించి 'అదిగో' అంటారు. గమనించే పైలట్ ఆ వేలు చూపిన వైపే చూస్తారు. అక్కడ నిజంగానే ఒక రన్‌వే ఉంది. 'కనిపించింది' అంటారు. ఇది రెండో పరీక్ష కింద లెక్కకి రాదు, మొదటిదాన్నే ఇంకొకరు చేశారు అంతే.

సిమ్యులేటర్‌లో నేను వెనక కూర్చుని చూసేది ఈ క్షణాన్నే. రన్‌వే కనిపించిందని నడిపే పైలట్ అనగానే గమనించే పైలట్ తల ఎటు తిరిగిందన్నది. నూటికి నూరుపాళ్ళూ సహజంగా తల పైకి లేస్తుంది, చూపు కిటికీలోకి పోతుంది. మంచి పర్యవేక్షకుడి తల కిందికి వంగుతుంది. డిస్‌ప్లే మీద రన్‌వే గుర్తు ఎక్కడుందో, ఎంత దూరముందో చూసి, ఆ తర్వాతే బయటికి చూస్తారు. ఇది పుట్టుకతో వచ్చే అలవాటు కాదు, పదేపదే చేయించాలి. సీనియర్ కెప్టెన్ పక్కన కూర్చున్న కుర్ర ఫస్ట్ ఆఫీసర్‌కి మరీ కష్టం, 'సార్, దూరం కలవడం లేదు' అనడానికి ఎంతో కొంత ధైర్యం కావాలి. బ్రాన్సన్ కేసులో అలాంటి అనుభవపు అంతరం లేదు, కాబట్టి ఈ కోణాన్ని దానికి అంటగట్టను.

ఎన్‌టీఎస్‌బీ సిబ్బందినే ప్రధానంగా తప్పుపట్టింది. అందుబాటులో ఉన్న నావిగేషన్ సమాచారంతో సరిచూసుకోలేదన్నది దాని సారం. తీర్పు సరైనదే. కానీ 'అజాగ్రత్త' అన్న ఒక్క మాటతో ఫైల్ మూసేస్తే తర్వాతి పైలట్‌కి ఉపయోగం సున్నా, ఎందుకంటే ఏ పైలటూ తాను అజాగ్రత్తగా ఉన్నానని అనుకుంటూ దిగడు.

నేలమీది కంప్యూటర్ కూడా సర్దుకుంది

అమెరికా కంట్రోలర్ల నిబంధనల పుస్తకంలో ఒక మంచి పద్ధతి రాసి ఉంది. దగ్గరదగ్గరగా రెండు ఎయిర్‌పోర్టులు ఉన్నచోట, పైలట్‌కి గమ్యం ఎక్కడుందో చెప్పడంతో సరిపెట్టకూడదు. పొరబడే అవకాశం ఉన్న రెండోది ఎక్కడుందో కూడా చెప్పాలి. ఆ పుస్తకం ఇచ్చే ఉదాహరణ క్లీవ్‌లాండ్‌ది: బర్క్ లేక్‌ఫ్రంట్ మీకు ఎదురుగా 5 మైళ్ళు, హాప్కిన్స్ ఒంటిగంట దిక్కున 12 మైళ్ళు, హాప్కిన్స్ కనిపిస్తే చెప్పండి. ఇలా చెబితే పైలట్ తలలో ఒకటి కాకుండా రెండు బొమ్మలు తయారవుతాయి. మొదటి లైట్లు కనిపించగానే 'ఇది ఏది?' అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. ఖర్చు ఒక్క వాక్యం.

2015లో ఎన్‌టీఎస్‌బీ రెండు సిఫార్సులు చేసింది. మొదటిది: దారిలో పొరబడే ఎయిర్‌పోర్టులు ఉంటే, విమానం వాటన్నిటినీ దాటేదాకా ల్యాండింగ్ క్లియరెన్స్ ఇవ్వకుండా ఆపాలి. రెండోది నన్ను బాగా ఆలోచింపజేసింది. విమానం ప్రమాదకరంగా కిందికి వస్తే కంట్రోలర్‌ని హెచ్చరించే సాఫ్ట్‌వేర్ నేలమీద ఉంటుంది. విమానం వేరే ఎయిర్‌పోర్టు వైపు దిగుతున్నట్టు కనిపిస్తే, అది అక్కడికే వెళ్తోందని ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే లెక్క మార్చేసుకునేది. అలా మార్చుకోకుండా, ఫ్లైట్ ప్లాన్‌లో ఉన్న గమ్యాన్నే నేల తాకేదాకా ప్రమాణంగా పెట్టుకోవాలన్నది సిఫార్సు. పైలట్ల మెదడు చేసిన పనినే కంప్యూటర్ కూడా చేసిందన్నమాట. ఎదురుగా జరుగుతున్నదాన్ని చూసి ఉద్దేశం అదే అయుంటుందని సర్దుకుపోవడం. ఆ మధ్య అమెరికాలో అప్రోచ్ రన్‌వే వెరిఫికేషన్ అనే సదుపాయం కంట్రోలర్ల తెరల మీదికి వచ్చింది. విమానం తప్పు రన్‌వేకో, ట్యాక్సీవేకో (రన్‌వేకి వెళ్ళొచ్చే దారి), తప్పు ఎయిర్‌పోర్టుకో వరస కలిపితే అది మోగుతుంది.

ఉచ్చులు ఎక్కడెక్కడ ఉన్నాయి

బ్రాన్సన్‌కి రెండు నెలల ముందే, 2013 నవంబర్ 20 రాత్రి, కాన్సస్‌లోని విచిటాలో ఇంకా పెద్ద విమానం పొరబడింది. బోయింగ్ విడిభాగాలు మోసే 747 డ్రీమ్‌లిఫ్టర్. అట్లాస్ ఎయిర్ నడిపే ఈ విమానం న్యూయార్క్ నుంచి మెకానెల్ వైమానిక స్థావరానికి రావాలి, అక్కడ రన్‌వే 12,000 అడుగులు. దిగింది 6,101 అడుగుల కర్నల్ జేమ్స్ జబారా ఎయిర్‌పోర్టులో. విచిటా విమాన తయారీకి పేరుపడ్డ ఊరు. జబారాకి, మెకానెల్‌కి మధ్యలో బీచ్ కంపెనీ ఎయిర్‌ఫీల్డ్ కూడా ఉంది, అన్నీ ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా పరుచుకున్న రన్‌వేలే. సిబ్బంది జీపీఎస్ అప్రోచ్ పెట్టుకునే వచ్చారు. లైట్లు కనిపించాక దాన్ని వదిలి చూపుతో దిగారు. దిగాక ఎక్కడ ఉన్నామో వాళ్ళకే తెలియలేదు. రేడియోలో ముందు బీచ్ ఎయిర్‌ఫీల్డ్ అని చెప్పారు, కాసేపు అక్షాంశ రేఖాంశాలు చదువుకున్నాక జబారా అని తేలింది. మర్నాడు తేలిక బరువుతో లేచి వెళ్ళిపోయారు. చేతిలో జీపీఎస్ అప్రోచ్ ఉండి కూడా దాన్ని వదిలేయడమే ఈ కేసులో గమనించాల్సింది. కంటికి కనిపించేది ఎప్పుడూ తెర మీద గీత కంటే బలమైనది.

సౌత్ డకోటాలో ర్యాపిడ్ సిటీ, ఎల్స్‌వర్త్ వైమానిక స్థావరం జంట ఇంకో పాత ఉచ్చు. 2004లో నార్త్‌వెస్ట్ విమానం ర్యాపిడ్ సిటీ అనుకుని ఎల్స్‌వర్త్‌లో దిగింది. 2016 జులై 7న డెల్టా విమానం అదే జంటలో అదే తప్పు చేసింది. పన్నెండేళ్ళ తేడాతో, అదే వైపు. మనుషులు మారినా భూగోళం మారలేదు కాబట్టి ఉచ్చు అలాగే ఉంది. 2012లో అమెరికా సైనిక విమానం సీ-17 టాంపాలోని మెక్‌డిల్ స్థావరం బదులు పీటర్ ఓ. నైట్ అనే చిన్న ఎయిర్‌పోర్టులో దిగింది. అప్పటి సెంట్రల్ కమాండ్ అధిపతి జనరల్ జేమ్స్ మాటిస్ అందులోనే ఉన్నారు. అక్కడా రెండు రన్‌వేలూ దాదాపు ఒకే దిక్కుకి ఉంటాయి.

మన దేశానికి సంబంధించినది 1972 సెప్టెంబర్ 24 నాటిది. జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 బొంబాయి శాంతాక్రజ్ బదులు జుహూలో దిగి రన్‌వే దాటిపోయింది. ప్రాణాలు దక్కాయి గానీ విమానం మళ్ళీ ఎగరలేదు. జుహూ శాంతాక్రజ్‌కి పడమరన, సముద్రం ఒడ్డున ఉంటుంది. సముద్రం మీంచి తూర్పు ముఖంగా వస్తే ముందు కనిపించేది అదే. రన్‌వేలూ దాదాపు ఒకే వరస. బ్రాన్సన్‌లో దొరికిన ఆకారమే ఇక్కడా: ముందు చిన్నది, వెనక పెద్దది.

అందరికంటే నాటుగా పరిష్కరించింది లండన్ వాళ్ళు. 1960లో పాన్ ఆమ్ 707 హీత్రూ అనుకుని నార్తోల్ట్ స్థావరంలో దిగింది. రెండు దారుల్లోనూ పెద్ద పెద్ద గ్యాస్ ట్యాంకులు ఉండేవి, పైలట్లు వాటినే ఆనవాలుగా పెట్టుకునేవారు. తర్వాత ఒక ట్యాంకు మీద హీత్రూకి గుర్తుగా ఎల్‌హెచ్ అని, ఇంకోదాని మీద నార్తోల్ట్‌కి గుర్తుగా ఎన్‌ఓ అని పేద్ద అక్షరాలతో రాసేశారు. నవ్వుకోండి గానీ, ఆనవాలు రెండుచోట్లా ఒకేలా ఉంటే అది ఆనవాలే కాదని వాళ్ళు కనిపెట్టారు.

కొత్తగా కడుతున్న ఎయిర్‌పోర్టులు ఇప్పుడు ఇంకో రకం ఉచ్చు. 2021 ఏప్రిల్‌లో జాంబియాలోని ఎన్‌డోలా వెళ్ళాల్సిన ఇథియోపియన్ కార్గో 737, పక్కనే ఇంకా ప్రారంభం కాని కొత్త ఎయిర్‌పోర్టులో దిగింది. అదే రోజు అదే కంపెనీ ప్యాసింజర్ విమానం కూడా అటే వచ్చి చివర్లో గో అరౌండ్ చేసింది, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేచింది. నిగనిగలాడే కొత్త తారు, కొత్త గీతలు ఉన్న రన్‌వే పాతదాని కంటే ఎక్కువ 'ఎయిర్‌పోర్టులా' కనిపించడం సహజం.

మేం చేయించేది

ఎన్‌టీఎస్‌బీ 2014 మార్చిలో పైలట్లకి ఇచ్చిన సేఫ్టీ అలర్ట్‌లో చెప్పిన ముఖ్యమైన మాట, విజువల్ అప్రోచ్ అయినా అందుబాటులో ఉన్న అత్యంత కచ్చితమైన నావిగేషన్ సాయాన్ని వాడమని. దాన్ని మేం ఇలా అమలు చేస్తున్నాం.

అప్రోచ్ బ్రీఫింగ్‌లో, గమ్యానికి 15 మైళ్ళ చుట్టూ ఇంకే రన్‌వేలు ఉన్నాయో పేరు పెట్టి చెప్పాలి. 'పక్కన ఫలానాది ఉంది, మనం వచ్చే వైపునుంచి ముందు అదే కనిపిస్తుంది, నంబర్ ఇది' అని. ఏదీ లేకపోతే లేదని చెప్పాలి. ఐఎల్ఎస్ ఉంటే ట్యూన్ చేయాలి, లేకపోతే ఆ రన్‌వేకి ఉన్న జీపీఎస్ అప్రోచ్ పెట్టాలి, వాతావరణం ఎంత బాగున్నా సరే. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా 759 రన్‌వే అనుకుని నాలుగు విమానాలు నిలబడి ఉన్న ట్యాక్సీవే మీదికి దిగబోయి దాదాపు 60 అడుగుల ఎత్తు దాకా వచ్చి పైకి లేచింది. ఆ రాత్రి ఐఎల్ఎస్ ట్యూన్ చేసి ఉంటే పక్కకి ఉన్నామని తెర మీద తెలిసేది.

అన్నిటికంటే ముఖ్యమైనది దూరం కాల్. రన్‌వే కనిపించిందని ఒకరు అనగానే, రెండోవారు బయటికి చూడకుండా, త్రెషోల్డ్‌కి (రన్‌వే మొదలయ్యే చోటు) దూరమూ రన్‌వే కంటే ఎంత పైన ఉన్నామన్నదీ పైకి చదవాలి. 'ఎనిమిది మైళ్ళు, రెండు వేల నాలుగు వందలు' అని. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవకపోతే, లేదా కిటికీలో రన్‌వే మూడు మైళ్ళలో ఉన్నట్టు కనిపిస్తుంటే, రేడియోలో 'కనిపించింది' అనే మాట రాదు. ఇదే సరైన పరీక్ష అని నేను నమ్మడానికి కారణం, ఇది 'కాదు' అని కూడా చెప్పగలదు. లైట్లు, బీకన్, రన్‌వే ఆకారం ఏ ఎయిర్‌పోర్టుకైనా అవుననే చెబుతాయి. దూరం మాత్రం తప్పు చోట తలూపదు.

కొందరు సీనియర్లకి ఇది నచ్చదు. పట్టపగలు, ఎదురుగా రన్‌వే పెట్టుకుని అంకెలు చదవడం ఏంటి, చూసి నడిపే నైపుణ్యం పోతుంది అంటారు. నైపుణ్యం గురించి వాళ్ళు చెప్పేదాంట్లో న్యాయం ఉంది. చేత్తో నడపండి, ఆటోపైలట్ తీసేయండి, నాకేం అభ్యంతరం లేదు. గీత తెర మీద ఉండనివ్వండి చాలు.

సిమ్యులేటర్‌లో దీన్ని ఉన్నదున్నట్టు చేయించడం ఇంకా కుదరడం లేదు. దాని విజువల్ డేటాబేస్‌లో పెద్ద ఎయిర్‌పోర్టులు చక్కగా ఉంటాయి గానీ, పొరబడేలా చేసే చిన్న ఎయిర్‌ఫీల్డులు చాలావరకు ఉండవు. పక్కపక్కన రెండు రన్‌వేలు ఉన్న చోటు ఎంచుకుని, గమ్యం లైట్లు మసకగా, పక్కదాని లైట్లు పూర్తిగా పెట్టి నడిపిస్తున్నాం. రెండు ఎయిర్‌పోర్టుల జంట ఒకటి తర్వాతి అప్‌డేట్‌లో పెట్టమని అడిగాం. అది వచ్చేదాకా ఈ లైట్ల ఏర్పాటుతోనే.